కొక్కెం పెట్టిన అక్షరం

మొన్న మంచు తుఫాను రాత్రి మా వీధికి కరెంటు పోయింది. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇది అరుదు. తెనాలిలో పెరిగిన నాకు చీకటి కొత్త కాదు గాని, ఇక్కడ ముప్ఫై అయిదేళ్ళు ఉండేసరికి అగ్గిపెట్టె ఎక్కడ పెట్టుకోవాలన్నది మరిచిపోయాను. వంటింటి సొరుగులన్నీ తడిమితే ఆఖరి దానిలో, పాత తాళంచెవులకూ రబ్బరు బ్యాండ్లకూ అడుగున, బొటనవేలంత కొవ్వొత్తి ముక్క దొరికింది. వెలిగించి గిన్నె మూత మీద నిలబెట్టాను. రెండు నిమిషాలు కాలేదు, వంటగదంతా తేనెపట్టు వాసన.

బజారులో దొరికే తెల్ల కొవ్వొత్తికి ఈ వాసన రాదు. ఇది అచ్చమైన తేనెమైనం. దాని వెనకే ఇంట్లో లేని వాసనలన్నీ వచ్చాయి. వెనిగరు, తడిసిన ఊలు చేతితొడుగులు, వెన్నలో మగ్గుతున్న ఉల్లిపాయలు, సుద్దముక్క పొడి. మా ఆవిడ మెట్ల మీద ఆగి, “పానీ వాళ్ళ నేలమాళిగ వాసన” అంది.

ఆ మైనం ముక్క పానీదే.

*

పానీ ఆమె పేరు కాదు. ఉక్రెయినియన్ భాషలో పెద్దింటి ఆడవాళ్ళను, పంతులమ్మలను అలా అంటారు, మనం ‘గారు’ అన్నట్టు. మగవాళ్ళయితే ‘పాన్’. మేము ఆ ఇంటి పక్కన దిగిన మొదటి వారంలో ఆమె మూత పెట్టిన పళ్ళెం పట్టుకొచ్చి నన్ను ‘పానె’ అని పిలిచింది. పాన్ అంటే మా ఊళ్ళో కిళ్ళీ అని ఆవిడకు చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. పళ్ళెంలో ఉన్నవి చూస్తే కజ్జికాయల్లా ఉన్నాయి. కొరికితే లోపల బంగాళాదుంప. పిరోహి అట వాటి పేరు. తెనాలి నోటికి కారం లేని కజ్జికాయ ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా ఆవిడ లోపలికి వెళ్ళి ఆవకాయ తెచ్చింది. పానీ ఒక ముక్క నంజుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకొకటి అడిగింది. అక్కడ కుదిరింది స్నేహం.

ఆమె మనవలు ఆమెను ‘బాబా’ అనేవారు. ఆ భాషలో బాబా అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ఆ సంగతి తెలియని మా అమ్మ తెనాలి నుంచి వచ్చిన కొత్తలో కిటికీ దగ్గర నిలబడి, “ఆవిడను పట్టుకుని పిల్లలంతా బాబా బాబా అంటున్నారేమిటిరా, ఆశ్రమమా?” అని అడిగింది. విషయం చెప్పాను. చెప్పినా, ఆ తర్వాత గురువారాలు పానీకి కొబ్బరి ఉండలు పంపించడం మాత్రం మానలేదు. ఎందుకైనా మంచిదని.

పానీ వారంలో అయిదు రోజులు ఊరి బడిలో ఇంగ్లీషులో లెక్కలు చెప్పేది. అది జీతం వచ్చే పని. ఆరో రోజు, శనివారం పొద్దున, మా వీధి చివరి నుంచి నాలుగు మలుపుల అవతల ఉన్న చర్చి నేలమాళిగలో పిల్లలకు ఉక్రెయినియన్ చెప్పేది. దానికి జీతం లేదు. పైగా సుద్దముక్కలు, కాగితాలు, పెట్రోలు చేతి ఖర్చు. పదిహేడో ఏట పెద్ద పంతులమ్మకు సాయంగా మొదలుపెట్టిందట. కాళ్ళు కదిలినంతకాలం వెళ్ళింది. అరవై ఏళ్ళకు పైమాటే. ఆ లెక్క నేను ఆమె పోయాక వేసుకున్నాను, ఉన్నప్పుడు ఎవరం వేయలేదు.

*

ఆ నేలమాళిగకు నేను మొదటిసారి వెళ్ళింది భక్తితో కాదు, బ్యాటరీ చచ్చిపోయి. ఆమె కారుది. మైనస్ ముప్ఫై అయిదు. ఇక్కడ చలికాలం రాత్రిళ్ళు కార్లకు కూడా ప్లగ్గు పెట్టి పడుకోబెట్టాలి, లేకపోతే ఇంజను గడ్డకడుతుంది. ఆ రాత్రి ఆమె మరిచిపోయింది. పొద్దున్నే ఎనిమిదిన్నరకు తలుపు తట్టి, “పానె, మీ కారు బతికి ఉందా?” అంది. దించి వచ్చేద్దామని వెళ్ళాను. చలికి లోపలికి రమ్మంది. కూర్చున్నాను. అలా చలికాలం శనివారాలు డ్రైవరు ఉద్యోగం నాకు స్థిరపడింది.

పైన ఉల్లిపాయ ఆకారపు గుమ్మటం, కింద తక్కువ ఎత్తు కప్పు. గొట్టాల్లో ఆవిరి టకటకమని కొట్టుకునేది. ఒక మూల వంటగది, అందులో పదిమంది ముసలమ్మలు తలకు రుమాళ్ళు కట్టుకుని వందల కొద్దీ పిరోహీలు మడిచేవారు. డజన్ల లెక్కన అమ్మి, వచ్చిన డబ్బు గదుల వేడికీ పుస్తకాలకూ ఇచ్చేవారు. ఇంకో మూల మడత బల్లలు, పాతిక ముప్ఫై మంది పిల్లలు. గోడకు ఎర్ర నల్ల దారాలతో కుట్టిన తువ్వాలు కప్పిన పటం, దట్టమైన మీసాలతో తారాస్ షెవ్చెంకో. వెట్టివాడుగా పుట్టి, 1838లో రెండున్నర వేల రూబుళ్ళకు విడుదలై, ఆ భాషకే పెద్ద కవి అయినవాడు. రష్యా చక్రవర్తి జారు ఆయనను ప్రవాసానికి పంపుతూ, రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని విడిగా ఆజ్ఞ ఇచ్చాడని పానీ పిల్లలకు చెబుతుండగా విన్నాను. ముందు వరసలో ఒక కుర్రాడు, “నన్నూ అలా శిక్షించవచ్చుగా” అన్నాడు. బెంచీ కింద వాడి హాకీ సంచి. శనివారం పొద్దున హాకీ మానిపించి తెచ్చిన పిల్లాడికి ఎంత భాషాభిమానం ఉంటుందో అంతే ఉంది.

పానీ తిట్టేది కాదు. బల్ల మీద ఒక గాజు సీసా ఉండేది, ఊరగాయ సీసా. ఎవరైనా ఒక పూర్తి వాక్యం ఉక్రెయినియన్‌లో చెబితే, డబ్బాలోంచి ఒక గుండీ తీసి ఆ సీసాలో వేయవచ్చు. సీసా నిండితే అందరికీ ఐస్‌క్రీము. మైనస్ ముప్ఫైలో ఐస్‌క్రీము ఏమిటని నేను అడిగాను గాని, ఈ దేశపు పిల్లలకు అది అడ్డు కాదు. గుండీలే ఎందుకని మాత్రం అడగలేదు. అది తర్వాత తెలిసింది.

*

ఆమె దగ్గర ఒక టైపు మిషను ఉండేది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిపోయిన సోవియట్ తయారీది. శుక్రవారం రాత్రిళ్ళు దాని మీద పాఠం కొట్టి, బడిలోని మిషను మీద ప్రతులు తీసేది. ఊదారంగు సిరా, స్పిరిటు వాసన. ఒక శుక్రవారం ఏదో ఇవ్వడానికి వెళితే, ఆమె ప్రతులన్నీ బల్ల మీద పరుచుకుని, నల్ల పెన్సిలుతో ప్రతి కాగితం మీద అక్కడక్కడ చిన్న గీత పెడుతూ కనిపించింది. నేను డ్రాయింగులు గీసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. గీత అంటే చెయ్యి ఆగదు. ఇటివ్వండి అన్నాను.

“జాగ్రత్త. కొక్కెం పైకి తిరగాలి” అంది.

ఆ భాషలో ‘హ’ పలికే అక్షరం నిలువు గీతలా ఉండి, పైన ఒక అడ్డగీత కుడివైపుకు పోతుంది. ఆ అడ్డగీత కొసన చిన్న కొక్కెం పైకి తిప్పితే అది ‘గ’ అవుతుంది. ఆ కొక్కెం ఉన్న అక్షరం ఆ మిషను మీద లేదు. ఎందుకు లేదంటే, 1933లో సోవియట్ ప్రభుత్వం ఆ అక్షరాన్ని వర్ణమాలలోంచి తీసేసింది. రష్యన్ వర్ణమాలలో అది లేదు కనక ఇక్కడా ఉండనక్కరలేదు. ఖార్కివ్‌లో పండితులు కూర్చుని స్థిరపరచగా, అయిదేళ్ళ ముందు, 1928లో, ఆమోదం పొందిన వర్ణక్రమం అది. దానికి సంతకం పెట్టిన విద్యాశాఖ పెద్ద స్క్రిప్నిక్ 1933 జులైలో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఊళ్ళకు ఊళ్ళు తిండి లేక రాలిపోతున్న సంవత్సరం కూడా అదే. ఎడ్మంటన్ నగర కార్యాలయం దగ్గర 1983లో ఆ కరువుకు కట్టిన స్మారకం ఉంది, విరిగిన వలయంలా. బహిరంగ స్థలంలో అలాంటిది ప్రపంచంలోనే మొదటిది. నవంబరులో నాలుగో శనివారం సాయంత్రం పానీ కిటికీలో ఒక దీపం పెట్టేది.

“ఒక్క అక్షరమే కదా” అన్నాను, కొక్కేలు పెడుతూ.

ఆమె సుద్దముక్క కోసం వెతికి, లేక, పిండి డబ్బా మూత తీసి బల్ల మీద పిండి చల్లి వేలితో రాసింది. హ్రాతి. అంటే ఆడుకోవడం. అదే మాటకు కొక్కెం పెట్టింది. గ్రాతి. అంటే జైలు ఊచలు. “కొక్కెం తీసేస్తే రెండూ ఒకటే అయిపోతాయి. పిల్లవాడు ఆడుకుంటున్నాడో ఊచల వెనక ఉన్నాడో కాగితం చూసి తెలియదు.” తర్వాత ఇంకో మాట రాసింది. గుద్జిక్. కొక్కెంతో మొదలయ్యే మాట. అంటే గుండీ.

ఆ రోజు నుంచి శుక్రవారం రాత్రి కొక్కేల పని మా ఇంటికి వచ్చింది. నేను, మా ఆవిడ, కొన్నాళ్ళకు మా అమ్మాయి. అయిదేళ్ళ పిల్ల నాలుక బయటపెట్టి, ఆకుపచ్చ రంగు పెన్సిలుతో. ఆకుపచ్చ వద్దని నేను అన్నాను. పానీ ఉండనివ్వమంది.

*

ఇంతకీ ఆమె కథ. పశ్చిమ ఉక్రెయిన్‌లో టెర్నోపిల్ దగ్గర ఒక పల్లె. రెండో ప్రపంచయుద్ధం ఆఖరులో సోవియట్ సైన్యం మళ్ళీ వస్తోందని తెలిసి ఇల్లు వదిలి పడమటికి నడిచినవాళ్ళలో వీళ్ళు. అప్పుడామెకు ఆరేళ్ళు. ఆ పైన జర్మనీలోని బవేరియాలో, రేగెన్స్‌బుర్గ్ కాందిశీకుల శిబిరంలో నాలుగేళ్ళు. అన్నం క్యూలో, దుప్పటి క్యూలో ఉన్నా శిబిరాల్లో మొదట కట్టుకున్నవాటిలో బడి ఒకటి. జర్మన్ ఆఫీసు కాగితాల వెనక తెల్లవైపు అక్షరాలు దిద్దించారు. తమ ఊరు ఎప్పటికైనా వెళతాం, అప్పుడు పిల్లలకు చదువు రాకపోతే ఎలాగని పెద్దవాళ్ళ ఆలోచన. వెళ్ళలేదు. ఓడెక్కి హాలిఫాక్స్ రేవులో దిగి, రైలులో ఎడ్మంటన్ ఉన్న ఈ ఆల్బర్టా రాష్ట్రానికి వచ్చి, తండ్రి చక్కెర దుంపల పొలంలో కూలి చేశాడు.

ఆమె భర్త వాళ్ళది ఇంకా పాత కథ. ఉక్రెయినియన్లు కెనడాకు రావడం 1891లో మొదలైంది. పది డాలర్ల రుసుముకు నూట అరవై ఎకరాల అడవి. ఆయన తాత ఎడ్మంటన్‌కు తూర్పున ఆ లెక్కన భూమి తీసుకుని, మొదటి చలికాలం నేలలో తవ్విన గుంటలో, గడ్డి కప్పు కింద గడిపాడు. వాళ్ళ ఊరి బడులకు ఉక్రెయినియన్ తెలిసిన పంతుళ్ళు ఉండేవారు. 1913లో ఆల్బర్టా ప్రభుత్వం వాళ్ళను తీసేసింది. ఆయన తండ్రి బడి ఆవరణలో ఇంటి భాష మాట్లాడినందుకు అరచేతుల మీద తోలు పట్టీ దెబ్బలు తిన్నాడు. “అందుకే మా మామగారు నాతో తప్ప ఎవరితోనూ ఉక్రెయినియన్ మాట్లాడేవారు కాదు. అదీ కొట్టంలో” అని పానీ నవ్వేది.

మళ్ళీ అదే ఆల్బర్టా, 1971లో, ఇంగ్లీషు ఫ్రెంచి కాని భాషల్లో కూడా సర్కారు బడిలో చదువు చెప్పవచ్చని చట్టం మార్చింది. కెనడాలో ఆ పని ముందు చేసింది ఈ రాష్ట్రమే. 1974లో ఎడ్మంటన్‌లో సగం ఇంగ్లీషు, సగం ఉక్రెయినియన్ తరగతులు మొదలయ్యాయి. దానికోసం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేసినవాళ్ళలో పానీ ఉంది. సర్కారు బడిలోనే చెబుతున్నారు కదా, శనివారం బడి ఇక ఎందుకని చాలామంది అడిగారట. ఆ ప్రశ్న నేనూ అడిగాను. “సర్కారు ఇచ్చింది సర్కారు తీసేయగలదు. ఈ నేలమాళిగ అద్దె పిరోహీలు కడుతున్నాయి” అంది.

*

ఒక సాయంత్రం విభక్తుల మాట వచ్చింది. మా భాషకు ఏడు విభక్తులు, పిలిచేటప్పుడు వాడే రూపం కూడా ఒక విభక్తే, పాన్ అన్న మాట పానె అయ్యేది అందుకే, సోవియట్ వ్యాకరణాలలో దాన్ని విభక్తుల వరస నుంచి దించి ఉత్త రూపం అన్నారు అని ఆమె కోపంగా చెబుతోంది. నాకు నవ్వు వచ్చింది. లేచి నిలబడి చేతులు కట్టుకుని, మూడో తరగతి గొంతుతో అందుకున్నాను. డు ము వు లు ప్రథమా విభక్తి. ని ను ల కూర్చి గురించి ద్వితీయా విభక్తి. అలా సప్తమి దాకా వెళ్ళి, ఓ ఓయి ఓరి ఓసి సంబోధన ప్రథమా విభక్తి అని ముగించాను. ఆమె చప్పట్లు కొట్టింది. “మీకూ పిలిచే విభక్తి ఉంది!” అని, దూరపు చుట్టం దొరికినంత సంబరపడింది. రాసి చూపించమంది.

రాశాను. కొఱకున్ దగ్గర ఆమె వేలు ఆగింది. ఈ అక్షరం ఇంతకుముందు చూపించలేదే అంది. అది బండి ఱ, మామూలు ర కన్నా గట్టిగా పలికేది, ఇప్పుడు వాడం, కఱ్ఱ అని రాసేవాళ్ళం, ఇప్పుడు కర్ర అంటున్నాం అని చెప్పాను.

“ఎవరు తీసేశారు?”

“ఎవరూ తీయలేదు.”

“చట్టం ఏదైనా?”

“లేదు పానీ. మేమే మానేశాం.”

ఆమె ఏమీ అనలేదు. టీ పోసింది. తప్పు పట్టినట్టు కూడా చూడలేదు, నిజంగా అర్థం కానట్టు చూసింది. ఆ చూపు నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. నిజానికి ఱ పోవడంలో నాకేమీ బాధ లేదు. పలుకులో లేని తేడాను రాతలో మోయడం ఎందుకన్నవాళ్ళతో నేనూ ఏకీభవిస్తాను. కాని ఆ రాత్రి ఇంటికి వచ్చి కాగితం తీసి గుఱ్ఱము, ఎఱుపు, తెఱచు అని రాసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ కొట్టకుండా, ఎవరూ అడగకుండా.

*

జనవరి వస్తే రెండిళ్ళకూ పండగలు కలిసిపోయేవి. వాళ్ళది పాత పంచాంగం, జనవరి 6 రాత్రి క్రిస్మస్ ముందు విందు. మొదటి నక్షత్రం కనిపించేదాకా ఎవరూ తినరు. పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి కాపలా. బల్ల మీది గుడ్డ కింద ఎండుగడ్డి, మూల గోధుమ వెన్నుల కట్ట. దాన్ని దిదూఖ్ అంటారు, ఇంటి పెద్దల ఆత్మలు అందులో ఉంటాయట. మా అమ్మ దాన్ని చూసి, “మన సంక్రాంతికి పిచ్చుకల కోసం కట్టే వరి కుచ్చులాంటిదేనే” అంది. పన్నెండు వంటకాలు, మాంసం లేదు, పాలు వెన్న లేవు. చేపలు తప్ప అన్నీ అమ్మ తిన్నది. ముందు వడ్డించేది కుత్యా, ఉడికించిన గోధుమలలో గసగసాలు, తేనె. అమ్మ రెండోసారి వడ్డించుకుని, ఇది మన గసగసాల పాయసానికి అక్కో చెల్లెలో అని తేల్చింది. ఇంకో పళ్ళెం ఎవరికీ కాకుండా వేసి ఉండేది, పోయినవాళ్ళకు.

కుత్యా ఒక చెంచాడు తీసి పైకప్పుకు విసరడం పాత ఆచారం. ఎంత అంటుకుంటే అంత సిరి. లెక్కల పంతులమ్మ బల్ల మీదికి వంగి, గురి చూసి విసిరింది. రెండు గింజలు పడకుండా నిలిచాయి, మిగతాది పాన్ గారి, అంటే నా, చొక్కా మీద.

పాత పంచాంగం లెక్కన వాళ్ళ సంవత్సరాంతం జనవరి 13 రాత్రి. మలాంకా అంటారు. ముసుగులు, మేక వేషాలు, ఆటపాటలు. మరునాడు పొద్దున్నే మగపిల్లలు ఇంటింటికీ వచ్చి గుమ్మంలో గోధుమలు చల్లి దీవించిపోతారు. మనకు భోగి. ఒక ఏడాది మా అమ్మ మనవరాలికి భోగిపళ్ళు పోస్తానని పట్టుబట్టింది. ఎడ్మంటన్‌లో రేగిపళ్ళు ఎక్కడివి? ఎర్రటి క్రాన్‌బెర్రీలు తెచ్చాం, చిల్లర నాణేలు, చెరకు బదులు చక్కెర ముక్కలు. దిష్టి తీస్తుండగానే తలుపు కొట్టి పానీ మనవడు లోపలికి వచ్చి, అడగకుండానే మా అమ్మాయి తల మీద గుప్పెడు గోధుమలు చల్లాడు. మా అమ్మ చేతిలో పళ్ళతో అలాగే నిలబడిపోయి, “వీడికెవరు చెప్పారురా?” అంది.

2023లో ఉక్రెయిన్‌లో క్రిస్మస్‌ను డిసెంబరు 25కు మార్చుకున్నారు. మీరు ఏ రోజు చేస్తారని ఆమెను అడిగాను. “రెండూ” అంది.

*

ఈస్టరు ముందు నెలంతా ఆ నేలమాళిగ తేనెమైనం వాసన వేసేది. పిసంకలు చేసే కాలం. గుడ్డు మీద బొమ్మ వేస్తారు అంటే పానీ దిద్దేది. వేయరు, రాస్తారు. పిసాతి అంటే రాయడం, పిసంక అంటే రాసినది. పుల్లకు కట్టిన చిన్న ఇత్తడి గరాటును దీపానికి చూపి, మైనం ముక్క మీద రాసి, కరిగినదానితో గుడ్డు మీద గీతలు లాగాలి. తెలుపు ఎక్కడ మిగలాలో అక్కడ ముందు మైనం. పసుపు రంగులో ముంచి, పసుపు మిగలాల్సిన చోట మైనం. తర్వాత ఎరుపు. చివర నలుపు. అప్పటికి గుడ్డు నల్లగా, మసి ముద్దలా, ఏమీ తెలియకుండా ఉంటుంది. దీపం పక్కన పట్టుకుని గుడ్డతో తుడుస్తూ పోతే ఒక్కొక్క రంగూ బయటపడుతుంది. మన కోరమండల్ తీరపు పాత కలంకారీలో నీలిమందు అంటకూడని చోట మైనమే పూసేవారని, మా దగ్గరా దాని పేరులో కలం ఉందని చెప్పాను. ఆ ఏడాది ఆమె ఒక గుడ్డు మీద మామిడి పిందె నమూనా రాసింది.

పచ్చి గుడ్లతోనే చేస్తారు. నాది దీపానికి మరీ దగ్గరగా పట్టుకుంటే పేలింది. ఆ వాసన గురించి రాయను.

*

మీ పిల్లలకు మీ భాష ఎవరు చెబుతారని ఆమె అడగని నెల లేదు. చివరికి ఊళ్ళో తెలుగువాళ్ళం కలిసి, అదే నేలమాళిగలో ఆదివారం మధ్యాహ్నాలు తరగతి పెట్టాం. పన్నెండు మంది పిల్లలు. తెనాలి నుంచి పలకలు, బలపాలు తెప్పించాను. మొదటి చలికాలం బాగా సాగింది. రెండోదాంట్లో ఈతల తరగతులు, పుట్టినరోజులు, మంచు. నాలుగోదానికి అయిదుగురు మిగిలారు, అందులో ఒకరు మా అమ్మాయి, అదీ ఏడుస్తూ. మార్చిలో మూసేశాం. మా అమ్మాయి గుణింతాల దగ్గర ఆగింది. ఇప్పుడు తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవలేదు. తప్పు పిల్లలది కాదు, నాది. ఆదివారం మధ్యాహ్నం నిద్ర నాకూ ఇష్టమే.

ఎందుకు మూశారని పానీ అడగలేదు. కాని ఆ తర్వాతి చలికాలం చూసిన ఒక శనివారం ఇక్కడ చెప్పాలి. ముందు రాత్రి నుంచి మంచు. రోడ్లు మూసుకుపోయాయి. రానంటే వినదు కనక తీసుకెళ్ళాను. తొమ్మిదిన్నర అయింది, ఎవరూ రాలేదు. వంటగది ముసలమ్మలు కూడా రాలేదు. వెళ్ళిపోదామన్నాను. ఆమె కోటు తీసి వంకెకు తగిలించి, హాజరు పుస్తకం తెరిచి, నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరు, పిలిచే విభక్తిలో, మామూలుగా పిలిచే గొంతుతోనే. ప్రతి పేరు తర్వాత ఒక్క క్షణం ఆగి, గైర్హాజరు గుర్తు పెట్టింది. ఇరవై రెండు పేర్లు. అయ్యాక కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకుంది. పన్నెండున్నరకు లేచి దీపాలు ఆర్పింది. కారులో మేమిద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

*

1991 డిసెంబరు 1న ఉక్రెయిన్‌లో స్వాతంత్ర్యంపై ఓటింగు జరిగింది, నూటికి తొంభైకి పైగా అవునన్నారు. మరునాడే కెనడా గుర్తించింది. పడమటి దేశాలలో ముందుగా. ఆ రాత్రి చర్చి హాలులో నృత్యాలు, ఏడుపులు, వోద్కా. పానీ గోడ పక్కన కుర్చీలో కూర్చుని అందరినీ చూస్తూ ఉంది, ఆడలేదు. వచ్చే శనివారం బడి ఉంటుందా అని ఒక పిల్లాడు ఆశగా అడిగితే, ఉంటుంది అంది.

ఆమె సంబరం నేను చూసింది తర్వాత కొన్ని నెలలకు. కీవ్ నుంచి ఎవరో తెచ్చిన పిల్లల వాచకం పట్టుకుని, చెప్పులు లేకుండా, మంచు కరిగిన బురదలో మా ఇంటికి వచ్చింది. వర్ణమాల పేజీ తెరిచి వేలు పెట్టింది. కొక్కెం. అచ్చులో, కీవ్‌లో. 1990లో అక్కడ ఆ అక్షరాన్ని తిరిగి తీసుకున్నారు. ఆమె అలా వేలు తీయకుండా నిలబడితే, మా ఆవిడ ఆమె కాళ్ళ కింద తువ్వాలు వేసింది.

*

తర్వాతి ఏళ్ళలో పిల్లలు తగ్గారు. కెనడాలో ఉక్రెయినియన్ మూలాలు చెప్పుకునేవారు పన్నెండు లక్షలకు పైనే ఉన్నారు, ఆ భాష ఇంట్లో మాట్లాడేవారు మాత్రం తక్కువ. ఒక దశలో ఆ తరగతిలో ఆరుగురు. పానీ ఉద్యోగం నుంచి విరమించింది, శనివారం నుంచి విరమించలేదు. భర్త పోయాడు. ముసలమ్మలు ఒక్కొక్కరే తగ్గి, పిరోహీలు మిషను మీద చేసినవి వచ్చాయి. వాటి రుచి గురించి ఆమె అభిప్రాయం నేను ఇక్కడ రాయలేను.

2022 ఫిబ్రవరి తర్వాత ఆ నేలమాళిగ నిండిపోయింది. యుద్ధం నుంచి కెనడాకు దాదాపు మూడు లక్షల మంది వచ్చారు. ఎడ్మంటన్‌కు చాలామంది. ఎనభై నాలుగేళ్ళ పానీ నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని మళ్ళీ మెట్లు దిగింది. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను.

చిత్రం ఏమిటంటే, కొత్తగా వచ్చిన పిల్లలు ఆమె మాట విని నవ్వారు. ఆమెది వాళ్ళ ముత్తవ్వల భాష, చిన్నప్పుడు పల్లెలో విని, శిబిరంలో దాచి, ఇక్కడ అలాగే మూతపెట్టి ఉంచినది. నేను తెనాలి వెళ్ళినప్పుడు మా మేనల్లుడి పిల్లలు నా తెలుగుకు నవ్వినట్టే. ఆమె చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని, చిన్న పుస్తకం తీసి, “ఇప్పుడు మీరు దీన్ని ఏమంటారు?” అని ఒక్కొక్క మాటా అడిగి రాసుకుంది. అరవై ఏళ్ళు చెప్పిన మనిషి.

ఖార్కివ్ నుంచి వచ్చిన ఒక తల్లి, మేము ఇంట్లో రష్యన్ మాట్లాడేవాళ్ళం, పిల్లకు సరిగ్గా రాదేమో అని క్షమాపణ అడుగుతూ నిలబడింది. పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. పానీ సీసాలోంచి ఒక గుండీ తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టి, దీని పేరు బోర్డు మీద రాయమంది. పిల్ల రాసింది. మొదటి అక్షరానికి, ఎవరూ చెప్పకుండా, కొక్కెం పైకి తిప్పింది. బడిలో నేర్చుకున్నదే కదా, దానికి అది మామూలు. పానీ నా వైపు తిరిగి చూసింది. అంతే.

*

రెండు చలికాలాల కిందట పోయింది, నిద్రలోనే. చర్చిలో ‘వీచ్నయా పామ్యత్’ మూడుసార్లు పాడారు. నిత్య స్మృతి అని అర్థం. పైకప్పు అదిరేలా పాడారు, నా పక్కన నిలబడ్డ నలభై అయిదేళ్ళ మనిషి అందరికన్నా గట్టిగా. మాట్లాడితే తెలిసింది, ఒకప్పటి హాకీ సంచి కుర్రాడు. తన కొడుకును శనివారం బడికి తెస్తున్నాడట. వాడూ ఏడుస్తున్నాడట.

కొవ్వొత్తి సగం అయ్యింది. అది తీసిన సొరుగును ఇంకా పైకి లాగాను, ఇంకో ముక్క ఉంటుందేమోనని. అడుగున సొరుగుకు పరిచిన కాగితం చేతికి వచ్చింది. ఊదారంగు సిరా బాగా వెలిసిపోయింది. వరసలు వరసలు మాటలు, వాటి మీద నల్ల పెన్సిలు కొక్కేలు, కింది సగంలో ఆకుపచ్చవి. దీపానికి దగ్గరగా పట్టుకుని చూశాను. ఆఖరి వరసలో ఒకదానికి పెట్టలేదు. ఆ పూట నిద్ర వచ్చి ఉంటుంది అమ్మాయికి.

పెన్సిలు కోసం వెతుకుతుంటే కరెంటు వచ్చింది.